మంచు లేని బెంగళూరులో స్లెడ్జి హాకీ: బండి కట్టడం దగ్గర్నుంచి మొదటి నెల ఆట దాకా

కింద రెండు సన్నటి బ్లేళ్లు, పైన ఒక సీటు, ముందుకి కాళ్లు చాపుకోవడానికి ఒక చట్రం. అందులో కూర్చుని పట్టీలు బిగించుకుని, చేతికొక పొట్టి కర్ర పట్టుకుని ఆడే మంచు హాకీ ఇది. 1960ల మొదట్లో స్టాక్‌హోమ్‌లోని ఒక పునరావాస కేంద్రంలో పుట్టింది. 1994లో లిల్లెహామర్ వింటర్ పారాలింపిక్స్‌లోకి వచ్చింది. 2016 నుంచి అధికారికంగా పారా ఐస్ హాకీ అంటున్నారు. ఆడేవాళ్ల నోట్లో మాత్రం ఇంకా స్లెడ్జే.

బెంగళూరులో పూర్తి సైజు మంచు రింక్ లేదు. స్నో పార్కు ఉంది కదా అని బండి తీసుకెళ్తే పని జరగదు. అక్కడుండేది పొడిపొడిగా రాలే మంచు, బ్లేడు దిగబడిపోతుంది. కానీ ఈ ఊళ్లో స్కేటింగ్ రింకులకి కరువు లేదు, వెల్డింగ్ షాపులకి అసలే లేదు. బ్లేళ్ల స్థానంలో ఇన్‌లైన్ స్కేట్ (ఒకే వరసలో చక్రాలుండే స్కేటు) చక్రాలు బిగిస్తే ఆటలో ముప్పాతిక భాగం ఇక్కడే నేర్చుకోవచ్చు. ఆ చక్రాల బండి గురించే ఎక్కువ చెబుతాం.

ఎవరు ఆడొచ్చంటే, నడుం కింద లోపం ఉండి రెండు చేతులతో కర్ర పట్టగలిగినవాళ్లంతా. పోలియో, కాలు తీసేసినవాళ్లు, వెన్నుపూస దెబ్బ, స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం), కాళ్ల మీద ప్రభావమున్న సెరిబ్రల్ పాల్సీ. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్‌లో లాగా ఒక్కొక్కరికి ఇన్ని పాయింట్లని లెక్క ఉండదు, పారాలింపిక్స్‌లో కూడా అర్హులందరిదీ ఒకటే తరగతి. చేతుల్లో బలం తక్కువైతే బండి వెనక ఒక హ్యాండిల్ పెట్టించుకోండి, సాయం చేసేవాళ్లు తోస్తారు, పక్ (ఈ ఆటలో బంతికి బదులు కొట్టే రబ్బరు బిళ్ల) పని కూర్చున్నవాళ్లు చూసుకుంటారు. పోటీల్లో అది కుదరదు గానీ సరదా ఆటకి అడ్డేముంది.

చట్రం

మొదటి బండికి అల్యూమినియం వద్దు. తేలికే, కానీ అల్యూమినియం సరిగ్గా వెల్డ్ చేసేవాళ్లు తక్కువ, అతుకు దగ్గర లోహం మెత్తబడి ఢీ కొట్టినప్పుడు అక్కడే చీలుతుంది. పైగా మొదటి బండిని కనీసం మూడుసార్లు కోసి మళ్లీ అతికించాల్సి వస్తుంది. 25 మి.మీ. గుండ్రటి ఎం.ఎస్. (మామూలు మెత్త ఉక్కు) పైపు, 16 గేజ్ తీసుకోండి. పీణ్య పారిశ్రామికవాడలో గానీ మీ వీధి చివర గ్రిల్లులు చేసే షాపులో గానీ అరపూటలో అయిపోతుంది. మొత్తం మూడు మీటర్ల పైచిలుకు పైపు పడుతుంది, బరువు మూడు కిలోల దరిదాపే.

పక్క పైపులు రెండు, ఒక్కోటి 90 సెం.మీ. సీటు కింద రెండు అడ్డ పైపులు 36 సెం.మీ., మోకాళ్ల దగ్గర ఒకటి, పాదాల ముందు 20 సెం.మీ.ది ఒకటి. ఈ కొలతలు మధ్యస్థం ఎత్తున్న పెద్దవాళ్లకి. పిల్లలకైతే కూర్చోబెట్టి, వీపు గోడకి ఆనించి, గోడ నుంచి మడమ దాకా కొలిచి దానికి 8 సెం.మీ. కలపండి. కాళ్లు రెండూ మోకాలి పైనే తీసేసినవాళ్లకి పొడుగు చట్రం అక్కర్లేదు, కానీ మరీ కురచైతే వెనక్కి పల్టీ కొడుతుంది. 60 సెం.మీ.కి తగ్గించొద్దు. పాదాల ముందు పైపుని కొంచెం పైకి వంచి, చుట్టూ ఒక రక్షణ కడ్డీ తప్పకుండా పెట్టించండి. ఆటలో మొదట తగిలేది అదే.

చట్రం అడుగు నేల నుంచి 9 సెం.మీ. దరిదాపుల్లో ఉండాలి. మంచు బండికి నియమం 8.5 నుంచి 9.5 సెం.మీ., ఆ సందులోంచి పక్ అటూ ఇటూ దూరాలి. 80 మి.మీ. చక్రాలున్న ఇన్‌లైన్ చాసిస్ (స్కేటు కింద చక్రాల్ని పట్టి ఉంచే లోహపు పట్టె) సీటు కింద బిగిస్తే దాదాపు ఆ ఎత్తే వస్తుంది.

చాసిస్‌లు రెండు కావాలి, ఒక్కోదానికి నాలుగు చక్రాలు. ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది. నాలుగూ ఒకే సైజు పెడితే బండి రైలులా తిన్నగా పోతుంది, మలుపు తిరగదు, తిప్పబోతే చక్రాలు కీచుమంటాయి. మధ్య రెండూ 80 మి.మీ.వి, చివర రెండూ 76 మి.మీ.వి పెట్టండి. చివరి చక్రాలు నేలకి 2 మి.మీ. పైన తేలుతాయి, ఒరిగితే చాలు బండి తిరుగుతుంది. బేరింగులు 608 సైజువి, చక్రానికి రెండు, మొత్తం పదహారు. విడిగా ఇంకో నాలుగు కొనుక్కోండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

రెండు చాసిస్‌ల మధ్య దూరం కొత్తవాళ్లకి 14 సెం.మీ. బాగా అలవాటయ్యాక దగ్గరికి జరుపుకోవచ్చు. దగ్గరయ్యే కొద్దీ చురుగ్గా తిరుగుతుంది, అంతే సులువుగా పక్కకి పడేస్తుంది. చాసిస్ బిగించే 5 మి.మీ. ప్లేటులో గుండ్రటి రంధ్రాలు వేయించొద్దు. ముందుకీ వెనక్కీ 10 సెం.మీ. జరిగేలా పొడుగాటి గాట్లు కోయించండి. వాషర్లు వెడల్పువి, నట్లు నైలాక్‌వి (లోపల నైలాన్ రింగున్నవి). మామూలు నట్లు అదురుకి పది నిమిషాల్లో వదులైపోతాయి.

ముందు పాదాల కింద 50 మి.మీ. తిరుగుడు క్యాస్టర్ (అన్ని వైపులా తిరిగే చిన్న చక్రం) ఒకటి. ఇది పొట్టిది కాబట్టి దీనికీ చట్రానికీ మధ్య 25 నుంచి 30 మి.మీ. ప్యాకింగ్ పడుతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి చట్రం సమంగా ఉందో లేదో చూసుకోండి. వేగం అందుకున్నాక క్యాస్టర్ పాముపడగలా అటూ ఇటూ కొట్టుకుంటుంది. దాని పిడి కింద ఒక నైలాన్ వాషర్ వేసి, వేలితో తిప్పితే బరువుగా తిరిగేంత బిగిస్తే తగ్గుతుంది.

చక్రాలు ఎక్కడ బిగించాలి

సీటు చట్రం మీద కూర్చాక, చక్రాలు బిగించక ముందు చేసే పని ఇది. నేల మీద ఒక గుండ్రటి పైపు అడ్డంగా పెట్టి, దాని మీద చట్రం ఉంచి, ఆటగాణ్ని హెల్మెట్, గ్లవ్స్‌తో సహా కూర్చోబెట్టండి. చెరో పక్క ఒకరు పట్టుకోవాలి. చేతులు ఒళ్లో పెట్టుకుంటే చట్రం తక్కెడలా ముందుకీ వెనక్కీ ఊగకుండా నిలిచే చోటు దొరికేదాకా పైపుని జరపండి. అక్కడ చాక్‌పీసుతో గీత గీయండి. చాసిస్ మధ్య భాగం ఆ గీతకి 3 నుంచి 4 సెం.మీ. వెనక రావాలి.

తోసిన ప్రతిసారీ ముందు భాగం లేస్తుంటే చక్రాలు ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి. ముందు బరువుగా ఉండి, తిరగడానికి భుజాలు పీక్కుపోతుంటే ఒక సెంటీమీటరు ముందుకి. ఒక్కసారికి ఒక సెంటీమీటరే, రెండు కొలతలు ఒకేసారి మార్చొద్దు. కాలు తీసేసినవాళ్లకి ఈ గీత మిగతావాళ్లకంటే వెనక్కి వస్తుంది, ముందు కాళ్ల బరువు లేదు కాబట్టి. ఒకరి బండి ఇంకొకరికి ఇచ్చేస్తే పనికిరాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

సీటు

చట్రం ఎంత బాగా కుదిరినా సీటు వదులైతే ఆ బండి దండగ. ఒంట్లో పుట్టిన ఒరుగుడు చక్రానికి చేరాలంటే తుంటికీ సీటుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. చేతి బలం చాలట్లేదని వారాల తరబడి డంబెల్స్ ఎత్తేవాళ్లలో సగం మందికి అసలు సమస్య సీటులో రెండు వేళ్ల సందు.

తయారీకి రెండు దారులు. కృత్రిమ కాళ్లు, కాలిపర్లు చేసే వర్క్‌షాపులో అచ్చు తీసి పాలీప్రొపిలీన్‌తో సీటు పోయించడం మంచిది. బెంగళూరులో ఆ పని తెలిసిన సంస్థలు ఉన్నాయి. లేదంటే గట్టి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, కాళ్లు, చేతులు కోసేసి, లోపల 10 మి.మీ. ఈవా ఫోమ్ అతికించుకుంటూ ఒంటికి తగ్గట్టు దిద్దుకోవడం. సోఫాల్లో వేసే మెత్తటి స్పాంజి వాడొద్దు. కూర్చున్న ఐదు నిమిషాలకి అణిగిపోయి ఎముక ప్లాస్టిక్‌కి తగులుతుంది.

వీపు పలక ఎత్తు మనిషిని బట్టి. పొట్ట కండరాలు పనిచేసేవాళ్లకి నడుం పైన నాలుగు వేళ్లు చాలు, ఇంకా ఎత్తయితే ఒంటిని తిప్పనివ్వదు. ఛాతీ కింద స్పర్శ లేనివాళ్లకి భుజం ఎముకల కింది అంచు దాకా కావాలి.

ఎక్కడ ఒరుసుకుంటోందో తెలుసుకోవడానికి ఒక చవక పద్ధతి ఉంది. ఫోమ్ మీద టాల్కం పౌడర్ పల్చగా చల్లి, నల్ల ట్రాక్ ప్యాంటుతో కూర్చోబెట్టి, పది నిమిషాలు బండి తోయించండి. దించాక ప్యాంటు చూడండి. పౌడర్ సమంగా అంటితే బాగున్నట్టు. ఒకచోట రూపాయి బిళ్లంత తెల్లగా గట్టిగా పట్టి, చుట్టూ నల్లగా ఉంటే ఒత్తిడంతా అక్కడే పడుతోంది. ముఖ్యంగా పిరుదుల కింది రెండు ఎముకలు, వెన్ను చివర, తుంటి పక్క ఎముకలు చూడండి. ఒత్తిడి పడ్డచోట ఇంకో ముక్క ఫోమ్ అతికిద్దామనిపిస్తుంది, అది తప్పు. అక్కడి ఫోమ్ చెక్కి గుంట చెయ్యాలి, చుట్టూ ఉన్నది ఆ బరువు మోయాలి.

పట్టీలు మూడు: తుంటి మీద 50 మి.మీ.ది, మోకాళ్ల పైన ఒకటి, చీలమండల దగ్గర ఒకటి. తుంటి పట్టీ సీటు వెనక మూల నుంచి ఏటవాలుగా రావాలి. నిలువుగా దిగితే ఒళ్లు ముందుకి జారుతుంది, పొట్ట మీదికొస్తే ఊపిరి ఆడదు. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే బకిల్ ఊడాలి. కొత్తవాళ్లందరిచేతా, పక్కకి పడి ఉన్న స్థితిలో, ఒక్కసారైనా విప్పించి చూడండి.

మొదటి వారంలో ప్రతి జట్టులో వినపడే మాట ఒకటుంది. పక్కనున్నవాడు "అన్నా, ఎడమకి ఒరుగుతున్నావు" అంటాడు. కూర్చున్నాయన "నేను కాదురా, సీటే తిరుగుతోంది" అంటాడు. తొంభై శాతం కూర్చున్నాయనదే నిజం. బోల్టులు చూడండి, ఆ తర్వాత తుంటి పట్టీ, ఆ తర్వాతే మనిషి.

కర్రలు

మంచు మీద ఆడే కర్రకి ఒక చివర వంపు తిరిగిన బ్లేడు, రెండో చివర ముళ్లు. ముళ్లతో మంచుని పొడిచి బండి తోస్తారు, మణికట్టు తిప్పి బ్లేడుతో పక్ కొడతారు. కర్ర పొడుగు మీటరు దాటకూడదు, ముళ్లు 4 మి.మీ. మించకూడదు. కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్లకి 75 సెం.మీ. దగ్గర మొదలుపెట్టండి. సీటులో కూర్చుని చేయి కిందికి వదిలితే మోచెయ్యి కొంచెం వంగి ఉండగానే కర్ర కొన నేలకి తగలాలి.

మన ఫీల్డ్ హాకీ కర్ర పనికిరాదు, దానికి ఒకవైపే చదును. చిన్నపిల్లల ఐస్ హాకీ కర్రలు ఆన్‌లైన్‌లో తెప్పించి కోసుకోండి. రింకులో ముళ్లు వేస్తే నేల పాడవుతుంది, యజమాని రెండోరోజు గేటు తియ్యడు. మందుల షాపులో చంకకర్రల కిందికి అమ్మే రబ్బరు బుష్షులు కొని తొడగండి. కర్ర చివర గుండ్రంగా చెక్కుకుని, 19 లేదా 22 మి.మీ. బుష్షు బిగువుగా దిగేలా చూసుకోండి. స్పైనా బిఫిడా ఉన్నవాళ్లలో చాలామందికి సహజ రబ్బరు పడదు. వాళ్లు జట్టులో ఉంటే బుష్షు, గ్లవ్స్, ఎలాస్టిక్ అన్నీ రబ్బరు లేనివే అడిగి తెచ్చుకోవాలి.

అసలు పక్ 7.62 సెం.మీ. వ్యాసం, 2.54 సెం.మీ. మందం, 156 నుంచి 170 గ్రాముల బరువున్న గట్టి రబ్బరు. సిమెంటు నేల మీద అది జారదు, పట్టేస్తుంది. చక్రాల హాకీకి వాడే ఇన్‌లైన్ పక్ దొరక్కపోతే టెన్నిస్ బంతికి చిన్న గాటు పెట్టి పాత గుడ్డ ముక్కలు కుక్కి టేపు చుట్టండి. ఎగరదు, దొర్లుతుంది, మొదటి నెలకి అది చాలు.

హెల్మెట్ విషయంలో బేరాలొద్దు. ఇంట్లో ఉన్న క్రికెట్ హెల్మెట్‌తో సరిపెడదామని అందరూ అడుగుతారు. ఈ ఆటలో ఎక్కువ పడేది వెనక్కి, అందుకని తల వెనక భాగం పూర్తిగా మూసే స్కేటింగ్ హెల్మెట్ తీసుకోండి. ఢీ కొట్టుకోవడం మొదలయ్యాక ముఖమంతా కప్పే జాలీ ఉన్న ఐస్ హాకీ హెల్మెటే కావాలి. గ్లవ్స్‌కి మాత్రం పాత బ్యాటింగ్ గ్లవ్స్ బాగానే పనికొస్తాయి, బండ్లు రాసుకుపోతూ వేళ్లు నలిగేది ఎక్కువ.

నేల, వేళ

నున్నటి సిమెంటు లేదా మొజాయిక్ రింక్ మేలు. గరుకు రంగు పూసిన బాస్కెట్‌బాల్ కోర్టు బుష్షుల్ని రెండు వారాల్లో అరగదీస్తుంది. నీళ్లు పోవడానికి వాలు పెట్టిన నేల అయితే బండి ఒకవైపే పోతుంటుంది, కొత్తవాళ్లు తప్పు తమదనుకుంటారు. బంతి ఒకటి వదిలి ముందే చూసుకోండి. రింక్ బాగుందని సంతోషపడేలోపు టాయిలెట్ తలుపు కొలవండి. 80 సెం.మీ. లేకపోతే వీల్‌చెయిర్ లోపలికి పోవడం కష్టం, ఆ రింక్ వద్దు.

బెంగళూరు దుమ్ము, సాయంత్రం వాన కలిస్తే బేరింగు బతకదు. తడి నేల మీద ఆడితే ఆ రాత్రే చక్రాలు విప్పి, కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వెయ్యండి. మర్నాడు చూద్దాంలే అంటే తుప్పు పట్టి గరగరమంటుంది. ఆ నాలుగు బేరింగులు విడిగా కొనమన్నది ఇందుకే.

మొదటి నెల

వారానికి రెండుసార్లు, గంట చొప్పున చాలు. వీల్‌చెయిర్ తోసుకునేవాళ్ల భుజాలు రోజంతా పనిలోనే ఉంటాయి.

మొదట నేర్చుకోవాల్సింది పడటం. పక్కకి ఒరిగేటప్పుడు చెయ్యి చాపి ఆపుకోబోతే మణికట్టు విరుగుతుంది. మోచెయ్యి ఒంటికి అదుముకుని, గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీద పడాలి. లేవడానికి కింది చేతి మోచేతిని నేలకి ఆనించి, పై చేతిని ఒంటి ముందు నుంచి తెచ్చి నేల మీద పెట్టి, తుంటిని ఒక్కసారి విదిలించాలి. చేతుల బలంతోనే లేవాలని చూస్తే లేవరు, తుంటి విదిలింపుతోనే బండి నిలబడుతుంది. నడుం పనిచేయనివాళ్లకి ఒకరు సీటు వెనక అంచు పట్టి లేపాలి, చంకల్లో చేతులు వేసి కాదు.

తర్వాత తొయ్యడం. కర్ర కొన తొడ మధ్య పక్కన పెట్టి, చెయ్యి తుంటి దాటేదాకా వెనక్కి తొయ్యండి. మోకాళ్ల దాకా చాపి పొడిస్తే ఆ కర్రే బ్రేకులా అడ్డుపడుతుంది, భుజం ముందు భాగం నొప్పెడుతుంది. రెండు చేతులూ కలిపి పది మీటర్లు, విశ్రాంతి, మళ్లీ పది. చప్పుడు వినండి. రెండు బుష్షులూ ఒకేసారి 'టక్' మనాలి. 'టటక్' మంటే ఒక చెయ్యి ముందు పడుతోంది, బండి వంకర పోతుంది.

మలుపుకి ముందు చూపు తిరగాలి, తర్వాత భుజాలు, తర్వాత తుంటి. బయటి చేత్తో ఒక్క తోపు. రెండో వారంలో సీసాలు పెట్టి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించండి. మూడో వారం నుంచి కర్ర తిప్పడం: తోపు, తోపు, మణికట్టు తిప్పి బంతికి తాకడం, మళ్లీ తోపు. ఇదొక్కటే ఇంట్లో మంచం మీద కూర్చుని కూడా సాధన చెయ్యొచ్చు. నాలుగో వారంలో బంతిని బండి కిందుగా ఒక చేతి నుంచి ఇంకో చేతికి దాటించడం, ఆ తర్వాత ముగ్గురు ముగ్గురుగా చిన్న ఆట.

మొదటి రోజు నుంచీ ఒక నియమం చెప్పి ఉంచండి. బండి ముక్కుతో ఎదుటివాళ్ల పక్కకి లంబంగా గుద్దకూడదు. దీన్ని టీయింగ్ అంటారు, మంచు మీద పెనాల్టీ పడుతుంది. భుజంతో భుజాన్ని తొయ్యొచ్చు, బండ్లు పక్కపక్కన రాసుకోవచ్చు.

ఇంట్లో రబ్బరు బ్యాండుతో వెనక్కి లాగే వ్యాయామం చెయ్యండి. ఆటంతా నెట్టడమే కాబట్టి, ఒక నెట్టుడు వ్యాయామానికి రెండు లాగుడు వ్యాయామాలు.

ఒళ్లు చూసుకోవడం

స్పర్శ లేనివాళ్లు ప్రతి 15 నిమిషాలకీ ఆగి, చేతుల మీద ఒళ్లు లేపడమో ముందుకి పూర్తిగా వంగడమో చేసి నిమిషం, రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తీసెయ్యాలి. ఆట మధ్యలో ఒళ్లు మరిచిపోతారు, ఫోన్‌లో అలారం పెట్టి ఒకరికి అప్పగించండి. ఆట అయ్యాక అద్దంతోనో ఫోన్ కెమెరాతోనో చర్మం చూసుకోవాలి. ఎర్ర మచ్చ అరగంటలో పోకపోతే అది పోయేదాకా బండి ఎక్కొద్దు. ఒత్తిడి పుండు పడితే నెలల తరబడి పడుకోబెడుతుంది.

వెన్నులో ఛాతీ ఆరో పూస దగ్గర గానీ దానికి పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి తలపోటు, ముఖం ఎర్రబడి చెమటలు పడితే రక్తపోటు ఎగబాకుతోందని అర్థం. నిండిన మూత్రాశయం, మడతపడ్డ క్యాథెటర్ గొట్టం, బిగుతు పట్టీ మామూలు కారణాలు. పడుకోబెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, పట్టీలన్నీ వదులు చేసి, గొట్టం చూడండి. వెంటనే తగ్గకపోతే ఆసుపత్రికి. వీళ్లకి దెబ్బకి కింది భాగంలో చెమట సరిగ్గా పట్టదు కూడా, ఏప్రిల్ మధ్యాహ్నాలు ఆడించొద్దు. తలలో షంటు (మెదడులో చేరిన నీటిని దింపే గొట్టం) ఉన్నవాళ్లు న్యూరోసర్జన్‌ని అడక్కుండా ఢీ కొట్టే ఆటకి దిగొద్దు.

మంచు మీదికి వెళ్లే రోజు

దేశంలో పెద్ద మంచు అంటే డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం కట్టిన ఇండోర్ రింక్, లేకపోతే చలికాలంలో లేహ్, సిమ్లా. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. దిగిన రెండు రోజులు బండి ముట్టుకోకుండా విశ్రాంతి తీసుకోవాలి.

చాసిస్‌లు విప్పి బ్లేళ్లు బిగించినప్పుడు దూరం మళ్లీ వెడల్పుగా పెట్టండి, చక్రాల మీద ఎంత ఆరితేరినా సరే. మంచు మీద బండి పక్కకి కూడా జారుతుంది, అది చక్రాలు నేర్పలేదు. అలా పక్కకి జార్చే బండి ఆపాలి, కాబట్టి మొదటి ఇరవై నిమిషాలు పక్ బయటికి తియ్యకుండా ఆపడమే చేయించండి. తోపులో ముళ్లు మంచులో దిగుతాయి కాబట్టి మరీ ముందుకి వాలి పొడవొద్దు, కర్ర ఇరుక్కుని చెయ్యి వెనక్కి లాగేస్తుంది. రింక్‌లోకి దించేటప్పుడు ఇద్దరు చెరో వైపు చట్రం పైపు పట్టుకుని ఎత్తాలి, పట్టీలు పట్టుకుని ఎత్తితే బకిల్ ఊడుతుంది. సీటు ఫోమ్ తడుస్తుంది, పైన రెక్సిన్ వేయించుకోండి. స్పర్శ లేని పాదాలకి ఉన్ని సాక్సులు రెండు జతలు వేసి, ప్రతి విరామంలో విప్పి వేళ్ల రంగు చూడండి. తెల్లబడితే ఆరోజుకి చాలు.

విమానంలో కర్రలు క్యాబిన్‌లోకి రానివ్వరు, సామానులో వెయ్యాలి. ముళ్ల మీద గాటు పెట్టిన టెన్నిస్ బంతులు తొడిగి టేపు చుట్టండి, లేకపోతే సీటు ఫోమ్‌ని అవే చీరేస్తాయి.